పన్నెండు లేత ఆకులు

హైదరాబాదు,
జూన్ 9.

తాతా,

ఫోను చేస్తే మహబూబ్ మామ ఎత్తాడు. "మా నాయనకు ఇప్పుడు చెవి దగ్గర మైకు పెట్టినా వినబడటంలేదమ్మాయ్, నువ్వు ఉత్తరమే రాయి, చదువుకుని కూర్చుంటాడు" అన్నాడు. అందుకని రాస్తున్నాను. ఈపూరులో మన రెండిళ్లకూ మధ్య ఉన్న గోడ మీద నుంచి అరిచే అదృష్టం ఇక లేనట్టే.

ఇక్కడ నేను చేసేది ఏందని పోయినసారి అడిగావు. ఆకు నూరి, అందులోంచి డీఎన్ఏ తీసి, జెల్ అనే జిగురు పలకలోకి వదులుతాం. చివరికి గీతలు పడతాయి, నీ గళ్ల లుంగీ మీద గీతల్లాగా. బంగినపల్లికి ఒక వరస, చెరుకురసానికి ఇంకో వరస. వీటిని మార్కర్లంటారు. కాయ కాసేదాకా ఆగక్కర్లేదు. ఒకే తల్లిచెట్టు పుల్లలతో అంట్లు కడితే వెయ్యి మొక్కలకైనా ఒకే వరస రావాలి.

పోయిన నెలాఖరున నా సంతకంతో మొదటి రిపోర్టు బయటికి వెళ్లింది. ఎవరో నర్సరీవాడు ఒక రైతుకు నాలుగు వందల మామిడి మొక్కలు బంగినపల్లి అంట్లని అమ్మాడట. నాలుగేళ్లయినా పూత రాలిపోవడమే గానీ కాయ నిలవలేదు. రైతు ఫిర్యాదు పెడితే ఉద్యానశాఖ ఆఫీసువాళ్లు పన్నెండు చెట్ల ఆకులు పంపారు. మాకు పేర్లు చెప్పరు, కవర్ల మీద అంకెలుంటాయి అంతే. పన్నెండు ఆకులకూ పన్నెండు వరసలు వచ్చాయి తాతా. ఒక్కటీ బంగినపల్లి కాదు. ఒకదానితో ఒకటి కూడా కలవలేదు. అంటే దొరికిన టెంకలన్నీ పాతేసి, మొలిచిన నాటు మొక్కలకు నడుమున గుడ్డపీలిక చుట్టి అంట్లని అమ్మాడన్నమాట. నీలాగా నిజంగా అంట్లు కట్టి అమ్మే నర్సరీవాళ్ల పేరు చెడగొట్టేది ఇలాంటి దొంగలే. వాడిని తెచ్చి నెలరోజులు నీ ముందు కూర్చోబెట్టాలి.

ఆకులు ఎలా కొయ్యాలో చెప్పే కాగితం కూడా తెలుగులో నేనే రాశాను. 'లేత ఆకులు మాత్రమే కోయవలెను' అని. ముదురాకులో జిగురెక్కువ, డీఎన్ఏ సరిగా రాదు. మా సార్ మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకోవడం ఏడాదికోసారి.

నీ
ప్రిస్కిల్లా


ఈపూరు,
జూన్ 19.

అమ్మాయి ప్రిస్కిల్లాకు అలీ సాహెబు తాత దువా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ సంతకం చూసి సర్కారువాళ్లు నమ్మారంటే చానా పెద్ద సంగతి. మీ అమ్మ మేరీ టీచరు నరసరావుపేటలో నలుగురికీ చెప్పుకునే ఉంటుంది.

ఒక్కటి అడుగుతా. ఆ ఆకులు చెట్టుకు ఏ చోట కోశారు? తెలిస్తే రాయి, లేకపోతే లేదు. ఊరికే అడిగాను.

ఆ నర్సరీ మనిషిని వాడు, వీడు అని రాశావు. వయసెంతో నీకు తెలియదు గదా. అట్టా రాయమాక.

ఇక్కడ ఎండలు తగ్గలా. అందరం బాగున్నాం.

దువాతో
అలీ సాహెబు


హైదరాబాదు,
జూన్ 28.

తాతా,

ఇంత పొట్టి ఉత్తరానికి అయిదు రూపాయల స్టాంపు దండగ.

ఆకు ఏ చోట కోశారని అడిగావు. నా కాగితంలో ఆ గడి లేదు, ఉండక్కర్లేదు కూడా. చెట్టులో ఏ ఆకు తీసుకున్నా డీఎన్ఏ ఒకటే. నీ గోటిలోనూ వెంట్రుకలోనూ ఒకటే ఉన్నట్టు. మనుషులు అబద్ధాలు చెబుతారు, మార్కర్లు చెప్పవు. నేను ఈ పనిలో చేరిందే అందుకు.

'వాడు' అని రాసినందుకు కోప్పడ్డావు. సరే, ఆయన. ఆయన లైసెన్సు రద్దయిందని మా సార్ చెప్పాడు. మంచి పనే.

నాకు ఇక్కడ కాళ్లు నిలవడంలేదు. హాస్టలు గదిలో ముగ్గురం, ఒకటే కిటికీ. దాని ముందు ఎవరు బట్టలారేస్తే ఆ రోజు వాళ్లదే ఆకాశం. బెంగళూరులో పెద్ద ల్యాబుకు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. ఈ రిపోర్టు నకలు జతచేస్తాను. ఒకచోట కుదురుండదని అమ్మ తిట్టింది. నువ్వు తిట్టవు కాబట్టి నీకు చెబుతున్నాను.

ఈసారి పొడుగ్గా రాయి. పుల్లలు కోసే కాలం గదా, ఈ ఏడు ఎన్ని అంట్లు కడుతున్నావు?

ప్రిస్కిల్లా


ఈపూరు,
జులై 14.

అమ్మాయి ప్రిస్కిల్లాకు దువా.

ఈ ఏడు అంట్లు కట్టలేదు. నర్సరీ ఎత్తేశాం. మోకాళ్లు పనిచేయటంలా. కింద కూర్చుంటే లేపటానికి ఇద్దరు కావాలి. మహబూబ్ ఆ స్థలం సిమెంటు ఇటుకలు పోసేవాళ్లకు మాట్లాడుతున్నాడు.

చెట్టులో ఏ ఆకైనా ఒకటే అని రాశావు. టెంకలోంచి మొలిచి అట్టాగే పెరిగిన చెట్టుకు నిజమే. అంటు చెట్టు ఒక చెట్టు కాదమ్మా, రెండు. ముడి కింద నాటు మొక్క, ముడి పైన తల్లిచెట్టు పుల్ల. ముడి కింద నుంచి చిగుర్లు పొడిస్తే గిల్లెయ్యాలని, లేకపోతే నాటుది పైకి లేచి మంచిదాన్ని తినేస్తుందని, ఏడేళ్లప్పుడు మా తోటలో నువ్వే గిల్లుకుంటూ తిరిగేదానివి. పెద్ద చదువుల్లో పడి మరిచిపోయినట్టున్నావు. తప్పేం లేదు. బెంగళూరు పోయేముందు గుర్తుచేద్దామని రాశాను.

దువాతో
అలీ సాహెబు


హైదరాబాదు,
జులై 23.

తాతా,

నీ ఉత్తరం ల్యాబులోనే చదివాను. చదివి, కాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. మామూలుగా కడుక్కునేదానికంటే ఎక్కువసేపే.

తర్వాత ఆ ఫైలు తీయించాను. ప్రతి చెట్టు దగ్గరా ఒక ఫొటో తీస్తారు. ఆకులు కొయ్యడానికి వెళ్లిన ఆఫీసు మనిషి పన్నెండు ఫొటోల్లోనూ గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెట్లు ఆయన కంటే ఎత్తున్నాయి. పైన కొమ్మల ఆకులు నల్లగా, ముదురుగా ఉన్నాయి. ఆయన చెయ్యి మాత్రం నేల దగ్గరుంది. మే నెలలో, బోరు అంతంతమాత్రంగా పోసే చోట, మామిడికి పైన లేత ఆకు ఎక్కడుంటుంది? ముడి కింద పొడిచిన నాటు చిగుర్లకే ఉంటుంది. నాలుగు వందల చెట్లలో లేత ఆకున్నవి వెతికి వెతికి పన్నెండు పట్టుకున్నాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాడు. ఆ కాగితం రాసింది నేను.

పన్నెండూ ఒకదానితో ఒకటి కలవనప్పుడే నాకు తట్టాల్సింది. అంట్లు ఏ రకం పుల్లతో కట్టినవైనా గానీ ఎక్కడో రెండైనా కలుస్తాయి. కింది మొక్కలు కలవవు, ఒక్కొక్కటీ ఒక్కో టెంకలోంచి వచ్చింది. నేను చూసింది కింది మొక్కల్ని. దాన్ని చూసి ఒక మనిషిని దొంగన్నాను.

ఫొటోల మీద శావల్యాపురం అని ఊరి పేరుంది. అమ్మకు ఫోను చేసి అక్కడ మామిడి గొడవేమైనా జరిగిందా అని అడిగాను. అమ్మ ముందు నా తిండి సంగతి, హాస్టలు సంగతి అడిగింది. చివరికి, "ప్రభాకరరావు తోటేనే. మొక్కలిచ్చింది అలీ సాహెబు గారు. నీకు చెప్పొద్దని ఆయనే నా చేత ఒట్టు వేయించుకున్నారు" అంది.

నీకు తెలిసే నా ఉత్తరాలు చదివావు. దొంగ అని రాశాను. మంచి పనే అని రాశాను. ఆ రిపోర్టు దరఖాస్తుకు జతచేస్తానని రాశాను. నువ్వేమో ఎండలు తగ్గలేదని రాశావు. ఎందుకు చెప్పలేదు తాతా?

ప్రిస్కిల్లా


ఈపూరు,
ఆగస్టు 1.

అమ్మాయ్,

ఏమని చెప్పాలి? నీ మొదటి ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందే ఆఫీసువాళ్లు వచ్చి నర్సరీ బోర్డు ఊడదీసుకుని పోయారు. రిపోర్టు నకలు చేతిలో పెట్టారు. కింద సంతకం ఎక్కడో చూసినట్టే ఉందనుకున్నా. నీ ఉత్తరం వచ్చాక రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టి చూశా. అదే చెయ్యి. అక్షరాలు దిద్దించినప్పుడు కూడా నీ 'ల్లా' అట్టాగే సాగేది.

అది నీ మొదటి సంతకం. సంబరంగా రాసుకున్నావు. అది నా మీదేనని రాయటానికి నాకు చేతులు రాలా.

ప్రభాకరరావు వచ్చాడు. వాళ్ల నాయనకు కూడా నేనే అంట్లు కట్టిచ్చాను. అరిచినట్టున్నాడు, నాకేం వినబడుతుంది. నోరు మెదులుతుంటే చూస్తూ కూర్చున్నా. అది గమనించి ఆ రిపోర్టే లాక్కుని, వెనక వైపు రాసి చూపించాడు. 'నేను నీకేం అన్యాయం చేశాను సాహెబూ' అని. నేను ఇచ్చినవి మంచి మొక్కలే, నీళ్లు చాలకే పూత రాలుతోంది అన్నా. కాగితం తిప్పి నీ సంతకం మీద వేలు పెట్టాడు. మర్నాడు జేసీబీ పెట్టి తోటంతా పీకించాడు.

టీ కొట్టు దగ్గర నన్ను టెంకల సాహెబు అంటున్నారు. మహబూబ్ నాకు చెప్పలేదు. వాళ్ల పెదాలు చూసి పట్టుకున్నా. చెవుడొచ్చాక ఆ విద్య వచ్చింది.

నువ్వు ఏడ్చుకుంటూ కూర్చోమాక. వేళకు తిను.

అలీ సాహెబు


నరసరావుపేట,
ఆగస్టు 17.

తాతా,

ఆగస్టు పదిహేను సెలవుకు అమ్మ దగ్గరికి వచ్చాను. ఈపూరు బస్సు ఎక్కబోయి దిగేశాను. నీ ముందుకు రావాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించింది. శావల్యాపురం వెళ్లాను.

తోట లేదు. నీళ్లు కట్టిన మిర్చి సాళ్లు, అక్కడక్కడా పూడ్చిన గుంటలు. కానీ బోరు షెడ్డు పక్కన రెండు మామిడి చెట్లు నిలబడి ఉన్నాయి. ప్రభాకరరావు గారు వినుకొండ వెళ్లారు. వాళ్లావిడ నిర్మల పిన్ని ఉంది.

"ఏమే, నువ్వు మేరీ టీచరు కూతురివి గదూ? ఇంత ఎండనబడి వచ్చావేంది?"

"ఆ రెండూ ఎందుకు వదిలేశారు పిన్నీ?"

"వదలటమా పాడా. కింద బోరు పైపుంది. పగిలితే నాకు సంబంధం లేదన్నాడు జేసీబీవాడు. సరే నీడకన్నా ఉంటయ్యని ఆగాం. చెట్లు దొంగవైనా నీడ దొంగది కాదు గదా."

నవ్వింది. నేనూ నవ్వాను తాతా, ఆ నవ్వు ఇంకా మొహానికి అంటుకునే ఉంది.

"బాబాయి ఎలా ఉన్నాడు?" అన్నాను.

"పీకిన రోజు ముద్ద ముట్టలా. నాలుగేళ్లు బిందెలతో మోశాడమ్మా ఎండాకాలం నీళ్లు, ఒక్కో చెట్టుకూ. ఇప్పుడు తేలికపడ్డాళ్లే. పోతే పోయినయ్, మంచివి కావు గదా అంటాడు."

చదువు కోసం ఆకులు కావాలని అబద్ధం చెప్పాను. రెండు చెట్లకూ ముడి పైన కొమ్మ చివర కొత్తగా వచ్చిన ఆకులు, ముడి కింద చిగుర్లు, విడివిడిగా కోశాను. ముడి చేత్తో తడిమి చూశాను. నీ కట్టే. ఏటవాలు కోత ఇంకా తెలుస్తోంది.

రేపే హైదరాబాదు వెళుతున్నాను.

ప్రిస్కిల్లా


ఈపూరు,
ఆగస్టు 24.

అమ్మా ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మహబూబ్ చేత వెంటనే పోస్టులో వేయిస్తున్నా.

నిర్మల అన్న మాట నువ్వే రాశావు. మంచివి కావు గదా, పోతే పోయినయ్ అని. ఆ మనిషి ఆ ఒక్క మాట పట్టుకుని లేచి పొలం పోతున్నాడు. నీ గీతలు మంచి చెట్లని చెబితే అదీ ఉండదు. నాలుగేళ్లు మోసిన నీళ్లు, తన చేత్తో పీకించిన తోట, ఇక రోజూ అదే కనబడుతుంది.

ఏం తేలిందో నాకు రాయి. నాకు తెలియక కాదు. కాగితం మీద చూసుకోవాలని ఉంది. కానీ ఆఫీసుకు రాయమాక. ప్రభాకరరావుకు అసలు రాయమాక. నాకు డెబ్బై నాలుగు. పేరు పోయింది, పోవటం అలవాటైంది. అతనికి యాభై నిండలా.

ఆకులు కోసే కాగితం మాత్రం మార్చు. అది ఇంకొకడి కొంప ముంచకూడదు. దానికి నా పేరు అక్కర్లేదు.

ఇన్నేళ్లలో నిన్ను ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నా.

అలీ సాహెబు


హైదరాబాదు,
ఆగస్టు 25.

తాతా,

బంగినపల్లి.

రెండు చెట్ల పై ఆకులకూ ఒకే వరస, మా దగ్గరున్న బంగినపల్లి వరసతో ఒక్క గీత తేడా లేకుండా కలిసింది. కింది చిగుర్లు రెండూ దేనికది వేరు. ఫొటో జతచేశాను, చూడు. మొదటి రెండు నిలువు పట్టీలూ నీవి.

మా సార్ ఒప్పుకోలేదు. "నాలుగు వందల చెట్లను రెండు చెట్లతో ఎలా రుజువు చేస్తావ్? వాటిని వదిలెయ్, నీ ఉద్యోగం చూసుకో" అన్నాడు. ఆకులు కోయించడంలో తప్పు జరిగిందని, ఆ తప్పు నాదని, ముందు రిపోర్టు చెల్లదని రాసి సంతకం పెట్టాను. చివరికి ఆయన కూడా పెట్టాడు. నిన్ననే రిజిస్టరు పోస్టులో ఆఫీసుకు ఒకటి, ప్రభాకరరావు గారికి ఒకటి పంపాను. ఆయనకు వేరుగా ఒక ఉత్తరంలో ఆ రెండు చెట్లూ బంగినపల్లేనని రాసి, క్షమించమని అడిగాను.

నీ జవాబు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. ఆ టీ కొట్టు దగ్గర నిన్ను ఆ మాట అంటుండగా ఇంకొక్క రోజు కూడా గడవకూడదనిపించింది.

బెంగళూరుకు పెట్టిన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను.

ప్రిస్కిల్లా


ఈపూరు,
సెప్టెంబరు 16.

అమ్మాయి ప్రిస్కిల్లాకు దువా.

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎదురుపడి దాటిపోయినట్టున్నాయి. ఎవరం ఏం చేస్తాం.

ఫొటో చూశాను. బాగుంది. మహబూబ్ దాన్ని గోడకు కొడతానన్నాడు, వద్దన్నా.

ఆఫీసువాళ్లు కాగితం పంపారు. పాత రిపోర్టు లెక్కలోకి రాదట, లైసెన్సుకు మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చట. ఇటుకలవాళ్లు అప్పటికే తల్లిచెట్లు కొట్టి స్థలం చదును చేశారు.

ప్రభాకరరావు మా వీధి మొగదాకా వచ్చాడు. నేను అరుగు మీదే ఉన్నా, చూశాను. చెయ్యెత్తి పిలిచా. కాసేపు నిలబడి వెనక్కి తిరిగిపోయాడు. మర్నాడు పొద్దున బోరు దగ్గర రెండు చెట్లూ తనే గొడ్డలి తీసుకుని నరికాడట. నిర్మల వచ్చి చెప్పింది. నాకు తెలిసేటట్టు చేతులతో చూపించి చెప్పింది. "మీ మీద కోపం లేదు సాహెబు గారూ. పొలం మొహం చూడటంలా. మిర్చి ఎండిపోతున్నా లేవటంలా" అని, అక్కడే కూలబడి ఏడ్చింది. వినబడకపోయినా ఏడుపు తెలుస్తుంది గదా.

టీ కొట్టు దగ్గర నన్ను ఇప్పుడేమీ అనటంలా. లేచి కుర్చీ ఇస్తున్నారు. అతన్ని చూసి నవ్వుతున్నారు, మంచి తోట పీక్కున్నోడని. అదీ పెదాల మీదే చదివా. అప్పటి నుంచి టీకి పోవటం మానేశా.

నువ్వు తప్పు చేశావని అనను. చేసింది సరిదిద్దావు. నా మీద ప్రేమతోనే చేశావు. కానీ కొన్నాళ్లు నాకు ఆ ల్యాబు సంగతులు రాయమాక. ఆకులు, గీతలు ఏవీ వద్దు. మిగతావి రాయి.

అలీ సాహెబు


హైదరాబాదు,
అక్టోబరు 3.

తాతా,

ఇక్కడ వానలు తగ్గాయి. హాస్టలుకు కొత్త వంటావిడ వచ్చింది, కర్నూలు వైపు మనిషి, ప్రతి కూరలోనూ వేరుశనగ పొడి వేస్తుంది. మా గదిలో ఒకమ్మాయికి పెళ్లి కుదిరి వెళ్లిపోయింది. ఆమె మంచం నేను తీసుకున్నాను, కిటికీ పక్కది.

రోజుకు పది గంటలు నువ్వు రాయొద్దన్న చోటే ఉంటాను. అది వదిలేస్తే నీకు చెప్పడానికి నా దగ్గర ఇంతే ఉంది. ఈ కాగితం నింపుదామని రెండు రోజులుగా చూస్తున్నాను.

ప్రిస్కిల్లా